అమరావతి శిల్పాలతో ఇంటి చదువు: కళనూ చరిత్రనూ కలిపే నోట్‌బుకింగ్ పేజీలు

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాల్లో తరచూ వెనకబడేవి కళ, చరిత్ర. లెక్కలకూ భాషకూ పుస్తకం ఉంటుంది, రోజూ కూర్చునే వేళ ఉంటుంది. చరిత్ర మాత్రం రాజుల పేర్లూ తేదీల పట్టికగా, కళ సెలవు రోజు రంగులు వేసుకునే కాలక్షేపంగా మిగిలిపోతాయి. ఈ రెండింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చే పద్ధతి నోట్‌బుకింగ్. పేజీలో కొంత చోటు బొమ్మకు, కొంత చోటు రాతకు. పిల్లలు ఒక వస్తువును చూసి, దాని గురించి విని, తర్వాత తమ చేత్తో గీసి, తమ మాటల్లో రాస్తారు. అలాంటి పేజీలు పోగై పుస్తకమవుతాయి.

వర్క్‌షీట్‌లో ప్రశ్న ముందే అచ్చయి ఉంటుంది. జవాబు ఎంత పొడవుండాలో ఖాళీ గీతే చెప్పేస్తుంది. ఇక్కడ ఏది రాయదగ్గదో పిల్లలే తేల్చుకోవాలి. కష్టమంతా అందులోనే ఉంది, ఫలమూ అందులోనే ఉంది. ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ (1842–1923) అనే విద్యావేత్త పిల్లల చేత చిత్రాన్ని శ్రద్ధగా చూపించి, విన్నదాన్ని తిరిగి చెప్పించి చదువు నడిపింది. ఇవాళ ఇంటి చదువుల్లో కనిపించే నోట్‌బుకింగ్‌లో ఆమె దారి చాలా ఉంది.

ఊరికే పద్ధతి చెబితే గాలిలో ఉంటుంది కాబట్టి, ఒక పాఠాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. నేను ఎంచుకున్నది అమరావతి స్తూపం, అంటే బౌద్ధులు పూజించే గుమ్మటం లాంటి పెద్ద కట్టడం. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సరిపోతుంది. ఆరు పేజీలు, వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు.

ముందు ఒక నియమం

ప్రతి పేజీలో అడుగున రెండు గీతల చోటు వదిలి, దానికి "ఇది మనకెలా తెలుసు?" అని పేరు పెట్టండి. ఇది ఒక్కటి ఉంటే చాలు, బొమ్మల పుస్తకం చరిత్ర పుస్తకం అవుతుంది. స్తూపం ఎంత పెద్దదో రాసిన పిల్ల, ఆ సంగతి ఎలా తెలిసిందో కూడా రాయాలి: పునాది కొలిచారా, శాసనంలో ఉందా, ఎవరైనా పాత బొమ్మ గీసి పెట్టారా? మొదటి రెండు వారాలు ఈ చోటు ఖాళీగానే ఉండిపోవచ్చు. ఉండనివ్వండి. మీరు చెప్పి రాయించకండి. మూడో వారానికల్లా పిల్లలే అడగడం మొదలుపెడతారు.

కాగితం, పెన్సిలు, ఫైలు

మన ఊళ్లలో ప్రతి స్టేషనరీ కొట్టులోనూ ఇంటర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డు పుస్తకాలు దొరుకుతాయి. ఒక వైపు తెల్ల కాగితం, ఇంకో వైపు గీతల కాగితం. నోట్‌బుకింగ్‌కు ఇంతకన్నా అనువైనది లేదు. అయితే చిన్న పిల్లలకు కుట్టిన పుస్తకం కంటే విడి కాగితాలే మేలు. పేజీ చెడితే తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, నీళ్ల రంగులు వేసిన కాగితం విడిగా ఆరబెట్టుకోవచ్చు. కాస్త మందంగా ఉండే ఏ4 కాగితాలు, రెండు రంధ్రాలు వేసే పంచ్, ఒక ఫైలు తీసుకోండి. పాఠం అయ్యాక జిరాక్స్ కొట్టులో స్పైరల్ బైండింగ్ చేయించవచ్చు.

హెచ్‌బీ పెన్సిలు రాతకు, 2బీ, 4బీ నీడలకు. శిల్పాలు గీసేటప్పుడు నీడే ప్రాణం కాబట్టి ఆ మెత్తని పెన్సిళ్ల దగ్గర పొదుపు వద్దు. రంగులు ఈ పాఠానికి అంత అవసరం లేదు.

ఇంటర్నెట్‌లో అంచుల చుట్టూ పూలూ లతలూ వేసిన తయారీ పేజీలు కొల్లలుగా దొరుకుతాయి. వాటిని వాడొద్దనే నా సలహా. అలంకారం ముందే పూర్తయిన కాగితం మీద పిల్లల గీత బెదిరిపోతుంది. స్కేలుతో మీరే ఒక నమూనా గీయండి: పైన పేరుకూ తేదీకీ ఒక గీత, దాని కింద పేజీలో దాదాపు సగం బొమ్మకు డబ్బా, తర్వాత రాత గీతలు, అడుగున మన రెండు గీతల చోటు. ఆరేడేళ్ల వాళ్లకు గీతల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్లు, పదేళ్లు దాటినవాళ్లకు మామూలు నోటుబుక్కు గీతల ఎడం చాలు. దాన్ని జిరాక్స్ తీయించి పెట్టుకుంటే సరిపోతుంది.

చూడటం, చెప్పడం, గీయడం, రాయడం

ఈ నాలుగూ ఇదే వరసలో జరగాలి. చాలామంది తొందరపడి నేరుగా రాతకు దిగుతారు. అప్పుడు పిల్లలు పుస్తకంలోని వాక్యాన్ని ఎత్తి రాస్తారు.

ఉదాహరణకు నాలాగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన పతకం తీసుకుందాం. అమరావతి ప్రాకారం మీది గుండ్రటి శిల్పం అది. ఇప్పుడు చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పిల్లలకు కథ ముందు చెప్పకండి. బొమ్మ పెద్దదిగా ప్రింటు తీసి ముందు పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూడమనండి. పిల్లలకు అయిదు నిమిషాల మౌనం చాలా పెద్దది. మొదటిసారి రెండు నిమిషాలతో మొదలుపెట్టినా తప్పు లేదు.

తర్వాత బొమ్మను బోర్లించి, ఏం చూశావో చెప్పమనండి. "ఏనుగు ఉంది, జనం పారిపోతున్నారు, పైన కిటికీల్లోంచి ఎవరో చూస్తున్నారు" అంటారు. మళ్లీ తిప్పి చూపించండి. ఇప్పుడు ఒకే ప్రశ్న: "ఏనుగులు ఎన్ని?" రెండు కనిపిస్తాయి. ఒకటి మనుషుల మీద విరుచుకుపడుతోంది, ఇంకొకటి మోకరిల్లింది. అప్పుడు కథ చెప్పండి: రాజగృహంలో బుద్ధుడికి విరోధి అయిన దేవదత్తుడు మదమెక్కిన ఏనుగును బుద్ధుడి మీదికి వదిలాడు, అది ఆయన ముందుకు వచ్చేసరికి శాంతించింది. రెండు ఏనుగులు కావవి, ఒకే ఏనుగు రెండు క్షణాల్లో. ఆ సంగతి కథ వినకముందే కనిపెట్టే పిల్లలు ఉంటారు, వాళ్ల ముఖం ఆ నిమిషంలో చూడాలి! గళ్లు గీయకుండా, మాటలు రాయకుండా, ఒకే గుండ్రంలో ముందూ తర్వాతా చూపించడం శిల్పి చేసిన పని. కళ పాఠం అదే.

గీసేటప్పుడు పతకమంతా గీయమంటే పిల్లలు బెంబేలెత్తుతారు. స్టీలు పళ్లెం బోర్లించి గుండ్రం గీయించండి, లోపల రెండు ఏనుగుల ఆకారాలు మాత్రం కోడిగుడ్డు ఆకారాల నుంచి కట్టుకుంటూ రమ్మనండి. జనంలో తమకు నచ్చిన ఒక్క మనిషిని వివరంగా గీస్తే చాలు. బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి అచ్చు దించడం పటాలకు పనికొస్తుంది కానీ శిల్పాలకు వద్దు. దించేటప్పుడు కన్ను పని చేయదు.

రాత చివర. పిల్లలు నోటితో చెప్పినదే రాయాలి. నాలుగు వాక్యాలు చాలు.

ఆరు పేజీలు

మొదటిది పటం. కృష్ణా నది, దాని కుడి ఒడ్డున అమరావతి, పక్కనే ధరణికోట, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో గుంటూరు. అట్లాసు నుంచి నది గీతను దించుకోనివ్వండి. పేజీలో ఒక మూల చెన్నై, లండన్ పేర్లు రాయడానికి చోటు వదలమనండి, ఎందుకో ఇప్పుడే చెప్పకండి.

రెండో పేజీ కాలరేఖ. ఇది మడత పేజీ. స్తూపం మొదలు క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటిది. శాతవాహనుల కాలంలో దాన్ని పెంచి, కొత్త శిల్పాలతో నింపారు. అక్కడి నుంచి ఇవాళ్టి దాకా సుమారు 2,300 ఏళ్లు. వందేళ్లకు 4 సెంటీమీటర్ల చొప్పున వేస్తే 92 సెంటీమీటర్లు అవుతుంది. నాలుగు ఏ4 కాగితాలను అడ్డంగా అతికిస్తే సరిపోతుంది. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుందనీ, మధ్యలో సున్నా సంవత్సరం లేదనీ చెప్పండి. రేఖ గీస్తున్న పిల్లలు ఎలాగూ అడుగుతారు. శాతవాహనులు ఒక చివర, మనం ఇంకో చివర. మధ్యలో ఉన్న పొడవాటి ఖాళీని చూడటమే ఈ పేజీ పాఠం. దాన్ని నింపాలని చూడకండి, ఏళ్ల తరబడి చదివే కొద్దీ కాకతీయులు, విజయనగరం అదే రేఖ మీద వచ్చి చేరతారు.

మూడో పేజీ స్తూపం ఆకారం. అండం, అంటే స్తూపం గుమ్మటం, సుమారు 50 మీటర్ల వ్యాసం. ఒక సెంటీమీటరుకు 5 మీటర్ల లెక్కన కంపాసుతో 10 సెంటీమీటర్ల గుండ్రం గీయించండి. పైనుంచి చూస్తే స్తూపం అది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద ఆయక స్తంభాలనే నిలువు రాతి స్తంభాలు అయిదేసి, చుట్టూ ప్రాకారం. తర్వాత వీధిలోకి వెళ్లి అడుగులతో 50 మీటర్లు నడిపించండి. గుండ్రం అప్పుడు పెద్దదవుతుంది.

కానీ ఇవాళ అమరావతిలో దిబ్బే తప్ప ఆ స్తూపం నిలబడి లేదు. మరి పక్క నుంచి ఎలా ఉండేదో ఎలా తెలిసింది? ఇక్కడ మన అడుగు గీతలకు నిజమైన పని దొరుకుతుంది. స్తూపం మీద కప్పిన రాతి పలకల్లో స్తూపం బొమ్మనే చెక్కారు. అండం, ప్రాకారం, గుమ్మాల దగ్గర సింహాలు, అయిదు స్తంభాలు అన్నీ అందులో ఉన్నాయి. స్తూపం తన బొమ్మను తన ఒంటి మీదే దాచుకుంది.

అలాంటి పలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, అదే నాలుగో పేజీ. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఆ రాయికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒక వైపు, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి రూపం లేదు. రెండో వైపు, క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది: నిండుగా అలంకరించిన స్తూపం. పాత పలకను తిప్పి, వెనక వైపు కొత్తగా చెక్కి మళ్లీ వాడారన్నమాట. కాగితం ముందు వైపు పాత శిల్పం, వెనక వైపు కొత్త శిల్పం గీయించండి. పిల్లలు కాగితం తిప్పిన ప్రతిసారీ మూడు వందల ఏళ్లు దాటతారు. అక్కడి నుంచి కాలరేఖ తీయించి రెండు చోట్లా గుర్తులు పెట్టించండి.

"బుద్ధుణ్ణి ఎందుకు గీయలేదు?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. పాదాలు, చక్రం, చెట్టు, ఖాళీ ఆసనం లాంటి గుర్తులతోనే ఆయన్ను చూపించడం తొలినాళ్ల బౌద్ధ శిల్పంలో చాలా చోట్ల కనిపిస్తుంది. కారణం మీద పండితుల మధ్య వాదాలు ఉన్నాయి. వాదం ఉందనే చెప్పండి. ఒక జవాబును ఖాయం చేసి పిల్లల చేత రాయించడం న్యాయం కాదు. వాళ్లకు తోచిన కారణం "నాకు అనిపించింది" అని మొదలుపెట్టి రాయమనండి.

అయిదో పేజీ నాలాగిరి పతకం. ఎలా చేయాలో పైన చెప్పాను.

ఆరోది పూర్ణఘటం. తామరలూ మొగ్గలూ పైకి పొంగుతున్న కుండను చెక్కిన పలక. ఈ పలక మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఒక శాసనం ఉంది: చర్మకారుడు విధికుడు కుటుంబంతో కలిసి ఇచ్చిన దానం అని. అమరావతి శిల్పాలు రాజులే చేయించారని మనం అనుకుంటాం. శాసనాలు చదివితే వర్తకులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు, గృహిణులు, భిక్షుణులు, తోలు పనివాళ్లు కనిపిస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో తీసుకున్న రాజముద్ర మధ్యలో ఉన్నది ఈ పూర్ణఘటమే. ఇంట్లో ఏదైనా కొత్త ప్రభుత్వ కాగితం ఉంటే తెచ్చి పక్కన పెట్టి పోల్చి చూడమనండి. రెండు వేల ఏళ్ల కిందటి తోలు పనివాడి కానుక తమ ఊరి ఆఫీసు కాగితం మీద ఉందని తెలిశాక పిల్లలకు ఆ ముద్ర మామూలుగా కనిపించదు.

ఈ పేజీలో రాత భాగం కొంచెం వేరుగా చేయిద్దాం. పిల్లలు తాము ఒక రాయి దానం చేస్తే దాని మీద ఏం చెక్కిస్తారో రాయాలి: ఎవరు, ఎవరితో కలిసి, ఏం ఇస్తున్నారు. కావాలంటే పేరు బ్రాహ్మీలో రాసుకోవచ్చు. అక్షరాల పట్టిక సులభంగానే దొరుకుతుంది. 'క' కూడిక గుర్తులా, 'ఠ' ఉత్త సున్నాలా ఉంటాయి. మన తెలుగు లిపి ఆ లిపి నుంచే పుట్టిందని అప్పుడు చెప్పండి.

రాళ్లు ఎక్కడికి పోయాయి

ఇప్పుడు మొదటి పేజీలోని పటానికి తిరిగి రండి. చెన్నై, లండన్ పేర్లకు వదిలిన చోటు ఇందుకే.

18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కొత్త పట్టణం కట్టించాడు. దీపాలదిన్నె అని జనం పిలిచే దిబ్బను కట్టడపు రాయి కోసం తవ్వారు. ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, మిగిలిన శిల్పాలకు చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య సోదరులు ఏలూరువాళ్లు. దక్షిణ దేశపు శాసనాలూ కైఫీయతులూ (ఊళ్ల చరిత్రలు) పోగవడంలో వాళ్ల శ్రమ చాలా ఉంది. 1845లో మద్రాసులోని బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా 1859లో లండన్‌కు వెళ్లాయి. మెత్తటి పలనాడు సున్నపురాయి కావడంతో సున్నం బట్టీల్లో కాలిపోయిన పలకలూ ఉన్నాయి.

పిల్లలు ఈ ప్రయాణాన్ని బాణాలతో పటం మీద గీయాలి: దిబ్బ నుంచి మద్రాసుకు ఒకటి, మద్రాసు నుంచి లండన్‌కు ఒకటి, కాలిపోయినవాటికి ఎక్కడికీ చేరని బాణం ఒకటి. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లతో "లండన్ రాళ్లు తిరిగి రావాలా?" అని మాట్లాడండి. మీ అభిప్రాయం గట్టిగా ఉంటే అది మీదేనని చెప్పి చెప్పండి, పిల్లలది వాళ్ల చేత రాయించండి. మెకంజీ గీయించిన బొమ్మల సంగతి కూడా గుర్తు చేయండి: తర్వాత మాయమైపోయిన శిల్పాల్లో కొన్నిటికి ఆ గీతలే మిగిలిన సాక్ష్యం. చూసినదాన్ని శ్రద్ధగా గీసి పెట్టడం ఎందుకు విలువైనదో ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

మ్యూజియానికి వెళ్లగలిగితే

అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, చెన్నైలో పెద్ద సేకరణ ఉంది, లండన్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు బ్రిటిష్ మ్యూజియం ఉంది. సెలవు రోజు, ఫోటోల నియమాలు ముందే కనుక్కోండి. పేజీలు ఇంట్లో సగం చేసి తీసుకెళ్లడం మంచిది. కాగితం మీద చూసిన ఏనుగును రాతిలో ఎదురుగా చూసినప్పుడు పిల్లలు వెతికేది తాము గీయలేకపోయిన భాగాన్నే. గట్టి అట్ట, పెన్సిలు పట్టుకెళ్లండి; పెన్ను వద్దు. రోజుకు రెండు శిల్పాలు చాలు. గ్యాలరీ మొత్తం తిప్పితే ఏదీ మిగలదు.

వయసులు వేరైతే, భాష సమస్యైతే

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే పాఠం ఒకటే, పేజీలు వేరు. ఆరేళ్ల వాళ్లు బొమ్మ గీసి ఒక వాక్యం చెబుతారు, అమ్మో నాన్నో తాతో దాన్ని రాసిపెడతారు. చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి; మనం దిద్ది అందంగా చేస్తే అది వాళ్ల పేజీ కాదు. పెద్దవాళ్లు ఒక పేరా రాసి, ఒక ప్రశ్న మిగిల్చి పెడతారు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలకు తెలుగు మాట వచ్చినా రాత రాకపోవచ్చు. పేరా వాళ్లకు వచ్చిన భాషలో రాయనివ్వండి, బొమ్మలోని భాగాల పేర్లు మాత్రం తెలుగులో రాయించండి: అండం, ప్రాకారం, సింహం, తామర, ఏనుగు. వారానికి అయిదారు మాటలు. వీడియో కాల్‌లో అమ్మమ్మకు పేజీ చూపించి తెలుగులో వివరించమంటే, నోటితో చెప్పే అభ్యాసం మళ్లీ ఒకసారి జరుగుతుంది.

దిద్దడం

పేజీ మీద ఎర్ర సిరా పెట్టకండి. అక్షర దోషాలను ఒక చిన్న కాగితం మీద రాసి ఉంచుకుని, మర్నాడు భాష పాఠంలో చెప్పండి. విషయం తప్పైతే వేరే సంగతి: శాతవాహనుల పేరు చోట కాకతీయుల పేరు ఉంటే, "కాలరేఖ తీసి చూద్దామా" అనండి, పిల్లల చేతే దిద్దించండి. బొమ్మ బాగుందని మెచ్చుకునే బదులు, అందులో మీరు గమనించినదాన్ని చెప్పండి: "కిటికీలో ఉన్నవాళ్లను కూడా వేశావే!"

ఆరు వారాలయ్యాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. అప్పుడు విషయసూచిక రాయించి, పేజీలకు అంకెలు వేయించి కట్టించండి. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయించాలనుకునే ఇళ్లలో ఈ పేజీలు మార్కులు తేవు, అందుకు వేరుగా చదవాల్సిందే. అయినా పిల్లలు ఏం చదివారో చూపించడానికి తేదీలతో కట్టిన పుస్తకం కంటే తేలికైన దాఖలా ఇంకొకటి ఉండదు. అందుకే ప్రతి పేజీ మీద తేదీ తప్పక వేయించండి.

తర్వాతి పాఠానికి మార్చుకోవాల్సినవి

ఇదే చట్రం రామప్ప గుడికి సరిపోతుంది. 1213 నాటి శాసనం, కట్టించిన రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు కాలరేఖ మీదికి వెళతాయి. అక్కడ స్తూపం ఆకారం పేజీ బదులు రెండు రకాల రాళ్ల పేజీ పెట్టండి: గుడికి ఎర్ర ఇసుకరాయి, మదనికలనే స్త్రీ బొమ్మలకు నల్లరాయి. లేపాక్షి చేస్తే మాత్రం రంగు పెన్సిళ్లు బయటికి తీయాలి. పైకప్పు చిత్రాల్లోని చీర అంచుల నమూనాలకు ఒక పేజీ పూర్తిగా ఇవ్వండి, రాత గీతలు లేకుండా. ఏ గుడైనా, ఏ బొమ్మైనా, అడుగున ఆ రెండు గీతల చోటు మాత్రం తీసేయకండి.